ల్యుకేమియా రోగికి మూలకణాలు ఎవరివి: అమ్మవా, నాన్నవా, తోబుట్టువువా, బయటివారివా?

మా అప్ప కొడుక్కి తొమ్మిదో ఏట ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, తిరగబెట్టింది. ఇక మూలకణ మార్పిడి (రక్తాన్ని తయారుచేసే కణాలను వేరొకరి నుంచి తీసి ఎక్కించడం) తప్పదని డాక్టర్లు చెప్పిన రోజు సాయంత్రం, బరంపురంలో మా ఇంటి వసారాలో, మా అమ్మ అప్ప చేయి పట్టుకొని "కన్నది నువ్వు, ఇచ్చేదీ నువ్వే కావాలమ్మా" అంది. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేదు. అప్ప అప్పటికే మనసులో అదే నిశ్చయించుకొని ఉంది. చివరికి మూలకణాలు ఇచ్చింది మాత్రం వాడి తండ్రి, మా బావ. అందుకు కారణం ఒక రక్తపరీక్ష ఫలితం. ఆ పరీక్ష ఒకటుందని మాకు ముందే తెలిసి ఉంటే, ఇంట్లో రోజుల తరబడి సాగిన తర్జనభర్జన, అప్ప కార్చిన కన్నీళ్లు చాలావరకు తప్పేవి. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో ఇదే ఎంపిక ఎదురైనవారి కోసం, దాతలను ఏ వరుసలో చూడాలో, తల్లీ తండ్రీ ఇద్దరూ సిద్ధంగా ఉన్నప్పుడు ఇద్దరిలో ఎవరన్నది దేన్నిబట్టి తేలుతుందో రాస్తున్నాను. నేను డాక్టరును కాను. చివరి మాట మార్పిడి చేసే డాక్టరుదే. అయితే ఏం అడగాలో తెలిసి వెళ్లిన కుటుంబానికి ఆ మాట ఎందుకు అలా వచ్చిందో అర్థమవుతుంది.

అన్నిటికంటే ముందు, మార్పిడి నిజంగా అవసరమా అని అడగాలి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఏఎల్ఎల్ రకం చాలామందిలో కీమోతోనే నయమవుతుంది. అది తిరగబెట్టినప్పుడో, కీమో తర్వాత కూడా ఎంఆర్‌డీ (మిగిలిన వ్యాధిని కొలిచే) పరీక్షలో వ్యాధి కణాలు కనిపించినప్పుడో, జన్యు పరీక్షలో మొండి రకమని తేలినప్పుడో మార్పిడి ప్రస్తావన వస్తుంది. ఏఎంఎల్ అనే మరో రకంలో మార్పిడి అవసరం అంతకంటే ఎక్కువగా పడుతుంది. అదే ఏఎంఎల్‌లో ఏపీఎల్ అనే ఉపరకం మాత్రం ఆట్రా, ఆర్సెనిక్ మందులతోనే చాలావరకు తగ్గిపోతుంది. సీఎంఎల్ అనే ఇంకో రకానికి 2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చిన తర్వాత మార్పిడి చేయవలసి రావడం అరుదైపోయింది. కాబట్టి రిపోర్టులో ల్యుకేమియా అన్న మాట చూడగానే దాతను వెతకడం మొదలుపెట్టకుండా, ఏ రకం, ఏ దశ, ఎంఆర్‌డీ ఎంత అన్నవి ముందు తెలుసుకోవాలి.

మార్పిడి తప్పదన్నప్పుడు చూసేది హెచ్‌ఎల్‌ఏ టైపింగ్. ఆరో క్రోమోజోము మీద ఉండే ఈ జన్యువులు ఒంట్లోని దాదాపు ప్రతి కణానికీ గుర్తింపు చీటీలాంటివి. తనది ఏది, పరాయిది ఏది అని రోగనిరోధక కణాలు పోల్చుకునేది వీటినిబట్టే. ఇవి ఒక్కొక్కటిగా కాక ఒక గుత్తిగా తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి బిడ్డకు వస్తాయి. అందువల్ల తల్లి గానీ తండ్రి గానీ తమ బిడ్డకు ఎప్పుడూ కనీసం సగం సరిపోతారు. దీన్నే ఆసుపత్రుల్లో హాప్లో అంటారు. తోబుట్టువుల లెక్క వేరు. ఒక తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతం, సగం సరిపోయే అవకాశం 50 శాతం, అసలు సరిపోని అవకాశం 25 శాతం. ఇద్దరు తోబుట్టువులుంటే వారిలో కనీసం ఒకరు పూర్తిగా సరిపోయే అవకాశం సుమారు 44 శాతం, ముగ్గురుంటే సుమారు 58 శాతం. ఒకరిద్దరు పిల్లలతో ఆగిన నేటి ఇళ్లలో పూర్తి మ్యాచ్ దొరకకపోవడమే ఎక్కువ, అందుకే తల్లిదండ్రుల వైపు చూడవలసి వస్తోంది. రక్తం గ్రూపు కలవాలన్న నియమం మాత్రం ఇక్కడ లేదు. గ్రూపు వేరైనా మార్పిడి చేస్తారు, తర్వాత కొన్ని నెలలకు రోగి రక్తం దాత గ్రూపుకు మారుతుంది.

మన ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం ఒకటుంది. మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు మన కుటుంబాల్లో తరతరాలుగా జరిగాయి. భార్యాభర్తలు రక్తసంబంధీకులైతే ఇద్దరిలోనూ ఒకే హెచ్‌ఎల్‌ఏ గుత్తి ఉండవచ్చు. అప్పుడు తల్లో తండ్రో బిడ్డకు సగం కంటే ఎక్కువగా, కొన్నిసార్లు పూర్తిగా కూడా సరిపోతారు. మేనత్త, మేనమామ, వారి పిల్లలు కూడా అనుకోకుండా సరిపోవచ్చు. పెళ్లి నాటికి ఉన్న ఈ చుట్టరికాన్ని డాక్టరుకు చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు, ఎక్కడ తప్పు పడతారోనని. కానీ మొదటి రోజే చెప్పాలి. అది తెలిస్తే టైపింగ్ ఎవరెవరికి చేయించాలో డాక్టరు ఇంకాస్త విస్తరించి ఆలోచిస్తారు.

ఇక ఎంపికల వరుసకు వస్తే, పూర్తిగా సరిపోయిన, ఆరోగ్యంగా ఉన్న తోబుట్టువు ఉంటే సాధారణంగా మొదటి చోటు వారిదే. అక్కడ తల్లిదండ్రుల ప్రసక్తి దాదాపు రాదు. ఒక్క చిక్కు ఏమిటంటే, దాత మరీ చిన్నపిల్ల అయి, రోగి పెద్దవాడైతే సరిపడినన్ని కణాలు రాకపోవచ్చు.

తోబుట్టువు కుదరకపోతే రెండు దారులు: రిజిస్ట్రీలో (స్వచ్ఛంద దాతల పేర్లు, హెచ్‌ఎల్‌ఏ వివరాలు నమోదు చేసే జాబితాలో) బయటి దాతను వెతకడం, లేదా సగం మ్యాచ్‌తో తల్లిదండ్రుల్లో ఒకరిని తీసుకోవడం. ప్రపంచం మొత్తం మీద రిజిస్ట్రీల్లో 4 కోట్లకు పైగా దాతలు పేరు నమోదు చేసుకున్నారు. కానీ వారిలో భారతీయుల సంఖ్య చాలా తక్కువ, మన హెచ్‌ఎల్‌ఏ రకాలు మనవారిలోనే ఎక్కువగా దొరుకుతాయి. చెన్నైలో 2009లో మొదలైన దాత్రి వంటి సంస్థలు ఈ లోటును తగ్గించడానికి పనిచేస్తున్నాయి. అయినా దాత దొరకడం, దొరికినవారు ఒప్పుకోవడం, పరీక్షలు పూర్తవడం, కణాలు చేరడం అన్నీ కలిసి నెలలు పట్టవచ్చు, ఖర్చూ పెద్దదే. తిరగబెట్టిన ల్యుకేమియాకు నెలలు ఆగే ఓపిక ఉండదు. కీమోతో వ్యాధి అణగి ఉన్న ఆ కొద్ది వ్యవధిలోనే మార్పిడి జరగాలి. తల్లిదండ్రులైతే పిలిచిన రోజు వస్తారు, పరీక్షలన్నీ రెండు మూడు వారాల్లో పూర్తవుతాయి, తర్వాత మళ్లీ కణాలు కావలసి వచ్చినా పక్కనే ఉంటారు. నా అభిప్రాయం అడిగితే, వ్యాధి తొందరపెడుతున్నప్పుడు హెచ్‌ఎల్‌ఏ పదికి పది, అంటే పూర్తిగా, సరిపోయే బయటి దాత కోసం ఎదురుచూడటం కంటే ఆరోగ్యంగా ఉన్న తల్లో తండ్రో మేలు. వ్యవధి ఉన్నప్పుడు రెండు దారులనూ ఒకేసారి మొదలుపెట్టించడం తెలివైన పని. బొడ్డుతాడు రక్తం దాచుకున్నవారు అది ఉంది కదా అని ధైర్యపడవద్దు. బిడ్డ సొంత బొడ్డుతాడు రక్తంలోనే ల్యుకేమియా బీజం ఉండే అవకాశం ఉంది కనుక ఈ జబ్బుకు దాన్ని సాధారణంగా వాడరు.

సగం మ్యాచ్ మార్పిడి ఒకప్పుడు ప్రాణాంతకం. దాత నుంచి వచ్చిన టీ కణాలు (ఒక రకం రోగనిరోధక తెల్లకణాలు) రోగి చర్మాన్ని, పేగులను, కాలేయాన్ని పరాయివిగా భావించి దాడి చేసే జీవీహెచ్‌డీ తీవ్రంగా వచ్చేది. దీన్ని దాటడానికి ఇటలీలోని పెరూజియా వైద్యులు టీ కణాలను ముందే తొలగించే పద్ధతిని, బీజింగ్ వైద్యులు మందులతో అణచే పద్ధతిని తెచ్చారు. మన దేశంలో ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో రూపుదిద్దుకున్న పద్ధతి: మూలకణాలు ఎక్కించిన తర్వాత మూడో రోజు, నాలుగో రోజు సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తారు. రోగి మీద దాడికి సిద్ధమవుతున్న టీ కణాలు సరిగ్గా ఆ సమయానికి వేగంగా విభజన చెందుతుంటాయి కనుక మందుకు చస్తాయి. మూలకణాల్లో మాత్రం ఆ మందును నిర్వీర్యం చేసే ఎంజైము ఉంటుంది కనుక అవి బతుకుతాయి. ఎంతో పాత, చవకైన మందు ఇది. తల్లిదండ్రులను దాతలుగా తీసుకోవడం మన దేశంలో ఇంత సాధ్యపడటానికి ఈ చవకదనం కూడా ఒక కారణమని నేను నమ్ముతాను. ఇబ్బందులు లేకపోలేదు. రోగనిరోధక శక్తి తిరిగి రావడానికి ఎక్కువ కాలం పడుతుంది, సీఎంవీ వంటి వైరస్‌లు తిరగబెడతాయి, కొందరికి మూత్రంలో రక్తం పడుతుంది.

తల్లా, తండ్రా?

మొదట చూడవలసింది రోగి రక్తంలో దాతకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయా అన్నది. డాక్టర్లు దీన్ని డీఎస్ఏ పరీక్ష అంటారు. కీమో కాలంలో మా మేనల్లుడికి లెక్కలేనన్నిసార్లు ప్లేట్‌లెట్లు, రక్తం ఎక్కించారు. అలా ఎక్కించిన రక్తంలోని పరాయి హెచ్‌ఎల్‌ఏను చూసి ఒళ్లు యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. వాడి ఒంట్లో తయారైన ఒక యాంటీబాడీ, మా అప్పలో ఉండి వాడికి రాని సగంలోని ఒక రకానికి సరిగ్గా ఎదురుపడింది. అప్ప కణాలు ఎక్కించి ఉంటే అవి ఎముక మజ్జలో నాటుకోక ముందే నాశనమయ్యే ప్రమాదం ఉండేది. బావ వైపు ఆ చిక్కు లేదు. రిపోర్టులో యాంటీబాడీ ఎంత బలంగా ఉందో చెప్పే ఎంఎఫ్ఐ అన్న అంకె ఉంటుంది. అది వెయ్యి దాటితే సాధారణంగా డాక్టర్లు పట్టించుకుంటారు, 5000 దాటితే కణాలు నాటుకోకపోయే భయం బాగా పెరుగుతుంది. వేరే దాత లేనప్పుడు ప్లాస్మా మార్పిడి, రిటుక్సిమాబ్ అనే మందు వంటి వాటితో యాంటీబాడీలను తగ్గించి ముందుకు వెళతారు. తండ్రి సిద్ధంగా ఉన్నప్పుడు తల్లి కోసం ఆ దారి పట్టడంలో అర్థం లేదు. ఈ సంగతి డాక్టరు వివరించినప్పుడు అప్ప చాలాసేపు ఆ కాగితం మీద తన పేరు ఉన్న గడినే చూస్తూ కూర్చుంది. వాడిలో సగం తానే అయినా ఇవ్వడానికి తాను పనికిరాకపోవడం ఆమెకు మింగుడుపడలేదు. అది ఆమె లోపం కాదని, ప్లేట్‌లెట్ల వల్ల వాడి ఒంట్లో పుట్టిన యాంటీబాడీ అని నర్సు మళ్లీ మళ్లీ చెప్పవలసి వచ్చింది.

దీనికి ముడిపడిన జాగ్రత్త మరొకటి ఉంది. మార్పిడికి ముందు తల్లిదండ్రులు, రక్తసంబంధీకులు రోగికి నేరుగా రక్తం, ప్లేట్‌లెట్లు ఇవ్వకూడదు. బ్లడ్ బ్యాంకులో బదులు రక్తం అడిగినప్పుడు మన ఊళ్లలో మొదట చేయి చాచేది కన్నవారే. ఆ సీసా వేరొకరికి వెళ్లేటట్లయితే ఇవ్వవచ్చు, తమ బిడ్డకే ఎక్కించేటట్లయితే ఇవ్వకూడదు. ఈ సంగతి బ్లడ్ బ్యాంకులో ముందే చెప్పి, రేడియేషన్ చేసిన, తెల్లకణాలు తీసివేసిన రక్తం దొరుకుతుందేమో అడగాలి.

యాంటీబాడీల చిక్కు ఇద్దరిలోనూ లేదనుకుందాం. అప్పుడు తల్లి మేలా తండ్రి మేలా అన్నదానికి పరిశోధనలు ఒక్క జవాబు ఇవ్వవు. తల్లి కడుపులో బిడ్డ ఉన్నప్పుడు తండ్రి వైపు నుంచి వచ్చిన సగాన్ని ఆమె రోగనిరోధక వ్యవస్థ తొమ్మిది నెలలు చూసింది. బిడ్డ కణాలు కొన్ని ఏళ్ల తరబడి ఆమె ఒంట్లో తిరుగుతూనే ఉంటాయి. ఆ పరిచయం ల్యుకేమియా కణాల మీద దాడికి ఉపయోగపడవచ్చు, బిడ్డ మీదనే దాడిగానూ మారవచ్చు. టీ కణాలను తొలగించే పద్ధతిలో చేసిన మార్పిడులను చూసి ఇటలీ వైద్యులు 2008లో తల్లి దాత అయితే ఫలితాలు మేలని చెప్పారు. టీ కణాలను తొలగించని బీజింగ్ పద్ధతిలో 2014లో వెలువడిన ఫలితాల్లో తండ్రే మేలని, తల్లి కణాలతో జీవీహెచ్‌డీ ఎక్కువని తేలింది. కనుక ఎక్కడో చదివిన ఒక్క వాక్యాన్ని పట్టుకొని తల్లే అనో తండ్రే అనో పట్టుబట్టకుండా, మీ ఆసుపత్రిలో వాడే పద్ధతి ఏమిటో, ఆ పద్ధతిలో వారి అనుభవం ఏమిటో అడగాలి. రోగి కొడుకైతే ఆడవారి కణాలతో దీర్ఘకాలపు జీవీహెచ్‌డీ కొంత ఎక్కువగా వస్తుందన్నది కూడా తండ్రి వైపు మొగ్గే కారణాల్లో ఒకటి. కూతురైతే ఆ లెక్క లేదు.

వయసు కూడా ముఖ్యమే. చిన్న వయసు దాత కణాలు సాధారణంగా మేలు. చిన్నపిల్లల తల్లిదండ్రులు ముప్ఫైల్లో, నలభైల్లో ఉంటారు కనుక ఇబ్బంది తక్కువ. రోగికే ముప్ఫై అయిదేళ్లుండి, తల్లిదండ్రులు అరవైకి చేరి, బీపీ, షుగర్ ఉన్నవారైతే, సగం మ్యాచ్ అయిన తమ్ముడినో చెల్లెలినో చూడటం మంచిది. పిల్లలు కన్న ఆడవారికి ల్యుకేమియా వస్తే ఇంకొక మెలిక ఉంది. కాన్పుల వల్ల ఆమె ఒంట్లో భర్త వైపు హెచ్‌ఎల్‌ఏకు యాంటీబాడీలు పుట్టి ఉండవచ్చు, ఆ రకాలు ఆమె పిల్లల్లోనూ ఉంటాయి. అందువల్ల కొడుకు యువకుడైనా పనికిరాక, పుట్టింటివారే దాతలు కావలసి రావచ్చు.

మన జిల్లాల్లో చూసుకోవలసినవి

రాయగడ, కొరాపుట్, గజపతి వైపు సికిల్ సెల్, తలసీమియా లక్షణం (జబ్బు కాకుండా దాని లోప జన్యువు ఒక్కటి మాత్రమే ఉండటం) ఉన్నవారు తక్కువేం కాదు, మలేరియా కూడా ఉంది. సికిల్ లేదా తలసీమియా లక్షణం మాత్రమే ఉండి, ఆరోగ్యంగా ఉన్న తల్లీ తండ్రీ సాధారణంగా దాతలు కావచ్చు. సికిల్ సెల్ జబ్బే ఉన్నవారికి కణాలు పెంచే ఇంజెక్షన్లు ప్రమాదం కనుక వారిని తీసుకోరు. అందుకే హెచ్‌ఎల్‌ఏతో పాటే ఇద్దరికీ సికిల్, తలసీమియాలను పట్టే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరిసిస్, మలేరియా పరీక్ష, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ, సీఎంవీ పరీక్షలు చేయించాలి. ఇంట్లో ఇంకెవరికైనా చిన్న వయసులోనే రక్త జబ్బులు వచ్చి ఉంటే ఆ మాట దాచకూడదు. కొన్ని కుటుంబాల్లో ల్యుకేమియాకు దారితీసే జన్యులోపం తరాలుగా నడుస్తుంది, అదే లోపం ఉన్న దాతను తీసుకుంటే చేసిందంతా వృథా.

కణాలు తీసే విధానాలు రెండు. తుంటి ఎముక నుంచి మజ్జ తీయడమైతే పూర్తి మత్తు ఇస్తారు, కొన్నాళ్లు నడుము నొప్పిగా ఉంటుంది, రక్తహీనత ఉన్న తల్లులకు ఐరన్ మాత్రలు ముందుగానే మొదలుపెట్టాలి. రక్తం నుంచి తీయడమైతే నాలుగైదు రోజులు కణాలు పెంచే జీసీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు ఇస్తారు, తర్వాత యంత్రం ద్వారా నాలుగు నుంచి ఆరు గంటల్లో కణాలు వేరుచేస్తారు. రక్తం నుంచి తీసినవి త్వరగా నాటుకుంటాయి, మజ్జ నుంచి తీసినవాటితో దీర్ఘకాలపు జీవీహెచ్‌డీ తక్కువ. మా బావకు రక్తం నుంచే తీశారు. మూడో ఇంజెక్షను నాటికి నడుము, తుంటి ఎముకలు లోపల ఎవరో రోకలితో దంచుతున్నట్టున్నాయని అన్నాడు. పారాసెటమాల్‌తో సర్దుకుంది. తీసే రోజు రెండు చేతులూ చాచి కదలకుండా పడుకోవాలి, ముక్కు దురద పెట్టినా గోక్కోవడానికి లేదు, అప్ప పక్కన కూర్చొని తుడుస్తూ ఉంది. గంట గడిచాక పెదాలు తిమ్మిరెక్కాయి. రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు ఒంట్లో కాల్షియంను తగ్గించడం వల్ల అలా అవుతుందని చెప్పి కాల్షియం ఇచ్చారు. చివరికి ఒక చిన్న సంచిలో పలచటి టమాటా రసం రంగులో ఉన్నది చేతికొచ్చింది. సాయంత్రం అది మామూలు రక్తంలాగే స్టాండుకు వేలాడదీసి వాడికి ఎక్కించారు, అరగంటలో అయిపోయింది.

దాత ఎవరన్నది తేల్చేటప్పుడే, రోగి దగ్గర ఉండేది ఎవరన్నదీ తేల్చాలి. కణాలు ఇచ్చిన మనిషి ఆ రెండు రోజులు రాత్రుళ్లు మేలుకొని సేవ చేయలేరు. పైగా మార్పిడి తర్వాత దాదాపు 100 రోజులు ఆసుపత్రికి దగ్గరలో అద్దె ఇంట్లో ఉండాలి. కటక్ ఎస్‌సీబీ, వేలూరు సీఎంసీ, ముంబయి టాటా మెమోరియల్, హైదరాబాద్ ఆసుపత్రులు, వీటిలో ఏది ఎంచుకున్నా ఒకరు అక్కడ, ఒకరు ఇక్కడ మిగతా పిల్లలతో, సంపాదనతో ఉండవలసి వస్తుంది. వయసు, యాంటీబాడీలు అన్నీ సమానమైనప్పుడు, తల్లి సేవకు, తండ్రి దానానికి అన్న పంపకం చాలా ఇళ్లలో కుదురుతుంది. తల్లి సంపాదనతోనే ఇల్లు గడిచే చోట ఇది తిరగబడవచ్చు. ఖర్చు విషయంలో, ఒడిశా రేషన్ కార్డు ఉన్నవారు ఆంధ్ర ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) మీద ఆశ పెట్టుకోకుండా, 2025లో ఒడిశాలో మొదలైన ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లుతుందా, సగం మ్యాచ్ మార్పిడి ప్యాకేజీలో ఉందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి దరఖాస్తు చేయడం కూడా ఆసుపత్రి అంచనా కాగితం చేతికి రాగానే మొదలుపెట్టాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకొకచోట చివర ఉండటం, ఒడియాలో ఒకలా తెలుగులో ఒకలా రాసి ఉండటం మన దగ్గర మామూలే. దాతకు రోగితో బంధుత్వం చూపించవలసిన రోజున అదే పెద్ద అడ్డంకి అవుతుంది, ముందే సరిచేయించుకోండి.

ఎంపిక కాని తల్లి లేదా తండ్రి ఫైలును మూసేయవద్దు. సగం మ్యాచ్ మార్పిడి తర్వాత ల్యుకేమియా తిరగబెట్టినవారిలో కొందరి వ్యాధి కణాలు, దాత కణాలు పరాయిదిగా గుర్తుపట్టే సగం హెచ్‌ఎల్‌ఏను వదిలించుకొని తప్పించుకుంటాయి. అప్పుడు అదే దాత కణాలు మళ్లీ ఇచ్చినా వాటికి ఆ వ్యాధి కనపడదు, వేరే సగం సరిపోయే మరో మనిషి కావాలి. మా అప్ప టైపింగ్ రిపోర్టు, వైరస్ పరీక్షలు, యాంటీబాడీల కాగితం బావ కాగితాల పక్కనే ఒక ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి. మేనల్లుడి యాంటీబాడీలను మళ్లీ కొలిస్తే తగ్గి ఉండవచ్చని డాక్టరు చెప్పారు. చెకప్‌కు వెళ్లిన ప్రతిసారీ అప్ప ఆ సంచిని వెంట తీసుకువెళుతుంది.